చేతుల మీది పట్టీ

పాతబస్తీ శాలిబండలో మేం అద్దెకున్న ఇంటివాళ్లది పాల వ్యాపారం. యజమాని అక్కగారికి పుట్టుకతోనే వినికిడి లేదు. చిన్నప్పుడు బధిరుల పాఠశాలలో సైగల భాష నేర్చుకున్నారు; చదవడం, రాయడం అబ్బలేదు. ఇంట్లో ఆ భాష మరెవరికీ రాదు. తిను, పడుకో, పాలు కొలువు అనే పది పన్నెండు సైగలతోనే ఆ ఇల్లు ఆమెతో నలభై ఏళ్లు నెట్టుకొచ్చింది. తొంభైల చివర్లో ఆమెతో పూర్తి వాక్యాలు మాట్లాడింది ఒక్క టెలివిజనే: ఆదివారం మధ్యాహ్నం పావుగంట బధిరుల వార్తలు. ఆ వేళకు ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని తెర ముందు కూర్చునేవారు. వార్తలు చెప్పే స్త్రీ నమస్కరిస్తే తిరిగి నమస్కరించేవారు.

నేను కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చినవాణ్ని. ఒక ప్రసార సంస్థలో ఇంజనీరును. ఒక ఆదివారం యజమాని మెట్ల కింద నుంచి కేకేశాడు.

“సార్, మీరు టీవీ ఆఫీసోళ్లు గద, జర కిందికి రాండ్రి. టీవీ ఖరాబైందని మా అక్క ఒకటే లొల్లి.”

టీవీ నిక్షేపంగా ఉంది. తెర అడుగున కేబుల్ ఆపరేటర్ ప్రకటనల పట్టీ పరుగెడుతోంది: చీరల దుకాణం, ఫంక్షన్ హాలు, మళ్లీ చీరల దుకాణం. వార్తలు చెప్పే స్త్రీ చేతులు దాని వెనక ఉన్నాయి. వేళ్ల కొసలు ఒక్కోసారి పైకి తేలి మునిగిపోతున్నాయి. అక్కగారు అరచేత్తో గాజును పైకి తోస్తున్నారు, తెర ఎత్తినట్టు.

ఆ పట్టీని అక్కడ పెట్టింది నేనే. ఆపరేటర్ అడిగితే ఆ వారమే అతని కంప్యూటర్‌లో అమర్చాను. పాత టీవీలు బొమ్మ అంచులను మింగేస్తాయి. అందుకని బొమ్మను కట్టే ఐదువందల డెబ్బయ్యారు అడ్డగీతల్లో అడుగున అరవై వదిలేసి, ఆ పైన ఎనభై గీతల మందాన పట్టీ పరిచాను. అంచులు తెగని ఆ మేరను మా వృత్తిలో ‘సేఫ్ ఏరియా’ అంటాం. చీరల దుకాణం పేరు ఏ ఇంట్లోనూ తెగకూడదని అంత లెక్క వేసిన నాకు, ఆ చోట ఒకరి మాట ఉంటుందని తట్టలేదు. మా కార్యాలయపు సాంకేతిక పత్రాల్లో వెలుగుకు, రంగుకు, ధ్వనికి కొలతలున్నాయి. చేతుల గురించి ఒక్క వాక్యం లేదు.

అప్పటికప్పుడే ఆపరేటర్ గదికి వెళ్లాను.

“ఒక్కామె కోసం స్క్రోలింగ్ బంద్ చెయ్యాల్నా సార్? ఆ పావుగంట ఎవలు చూస్తరు?”

“బంద్ వద్దు భాయ్, పైకి జరుపుతాను. ఒక్క అంకె మార్చాలి, అంతే.”

“పైకా! సినిమాల హీరో తలకాయ కోసినట్లయితది. జనం నా వైర్లు కోస్తరు.” నవ్వాడు. “అయినా ఆమెకేం ఫికర్ సార్? స్క్రోలింగ్ల రాసింది సదువుకుంటది గద! మంచి మంచి చీరలున్నయ్.”

హీరో నుదురు తెగితే ఊరంతా లొల్లి. ఒక మనిషికి వారమంతటికీ దక్కే నాలుగు మాటలు మణికట్టు దగ్గర తెగిపోతే అది నవ్వులాట. ఆమె వచ్చి ఫిర్యాదు చేసుకోలేరని అతనికి ధీమా. నాకు ఒళ్లు మండిపోయింది.

“అయితే రేపటి నుంచి నీ యంత్రం చెడినా నన్ను పిలవకు,” అన్నాను.

నవ్వు ఆగింది. “గట్లంటె ఎట్ల సార్! కూసోండ్రి, చాయ్ చెప్త,” అంటూ కుర్చీ ఖాళీ చేశాడు. ఆదివారాలు ఆ పావుగంట పట్టీ దానంతటదే తొలగిపోయేలా కంప్యూటర్‌లో రెండు వరసల ప్రోగ్రాము రాశాను. చాయ్ రాకముందే పని అయిపోయింది. తెర మీది ఆ చేతులకు దారి వదలడానికి పట్టిన శ్రమ అంతే.

తరువాతి ఆదివారం తెర మీద చేతులు నిండుగా కనిపించాయి. మర్నాడు పొద్దున్నే అక్కగారు గిన్నెతో మెట్లెక్కి వచ్చారు. గిన్నె నిండా జున్ను. నా వైపు చూపి, స్క్రూ తిప్పినట్టు వేళ్లు తిప్పి, రెండు చేతులూ జోడించారు.

కింద నుంచి తమ్ముడు అరిచాడు: “టీవీ రిపేర్ చేసిండ్రని మస్తు ఖుషీ సార్! మాకు చెంచాడు గూడ పెట్టలే, అంత మీకే.”

ఆమెది ఆమెకు దక్కినందుకు ఆమే దణ్ణం పెడుతున్నారు, అదీ లాక్కున్నవాడికే. పట్టీ పెట్టింది నేనని అప్పుడే చెప్పాల్సింది. కానీ రెండేళ్లు ఆ మేడ మీద కాపురముండి కూడా, ఆ వాక్యానికి కావలసిన ఒక్క సైగా నేను నేర్చుకోలేదు.