కండక్టరమ్మ చేతిలో రిమోట్

మా డయాలసిస్ వార్డులో టీవీ రిమోట్ అందరి చేతికీ రాదు. అందరికంటే ముందు నుంచి వస్తున్నవాళ్ళ దగ్గరే ఉంటుంది. ఇది ఆసుపత్రివాళ్ళు పెట్టిన రూలు కాదు, మాలో మేం పెట్టుకున్నది. ఆ మనిషి పోతే తర్వాతివాళ్ళకు వస్తుంది. ఇక్కడ ప్రమోషన్ అంటే అదే మరి. లెక్కల మాస్టారు పోయాక రిమోట్ కండక్టరమ్మకు వచ్చింది. ఆవిడ తర్వాత వరసలో ఉన్నది నేను.

నేను టైలర్ని. జీవితమంతా సూదులతో బతికి చివరికి సూదులకే దొరికిపోయాను. నాకు నోరు కాస్త ఎక్కువ. పక్క మంచం కండక్టరమ్మకు అసలు నోరే లేదు. ఒకప్పుడు ఉండేదట. కిక్కిరిసిన బస్సులో వెనక తలుపు దగ్గర నిలబడి ఒక్క కేక వేస్తే, ముందు సీట్లో దొంగనిద్ర పోయేవాడు కూడా లేచి టికెట్టు తీసుకునేవాడట. ఈ సంగతులన్నీ వాళ్ళాయన చెప్పాడు. ఆయన ప్లంబరు. ఆవిణ్ణి స్కూటరు మీద దింపి, మళ్ళీ వచ్చి తీసుకెళ్తాడు. "ఊళ్ళో పైపులన్నీ బాగుచేస్తానమ్మా, మా ఆవిడ లోపలివే నా వల్ల కావట్లేదు" అని నవ్వబోయి మధ్యలోనే ఆపేస్తాడు.

డ్యూటీలో ఉన్నన్నాళ్ళూ ఆవిడ మంచినీళ్ళు తాగేది కాదట. తాగితే, దారి పొడవునా ఆడమనిషి వెళ్ళడానికి చోటేది? పొద్దున ఇంట్లో ఓ గుక్క, బస్సు డిపోకి చేరాక ఓ గుక్క. కిడ్నీలు పాడవడానికి బీపీతో పాటు అదీ ఓ కారణమై ఉండొచ్చని డాక్టరు చెబితే, "ఓహో" అందట. ఇకమీదట నీళ్ళు కొలుచుకుని తాగాలంటే "అలవాటేలెండి" అందట. వింటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంకొకరైతే ఏడుస్తారు, లేదా ఎవరో ఒకరిని దులిపేస్తారు. ఈవిడ ఏమీ చెయ్యదు. సూది గుచ్చుతూ టెక్నీషియన్ పిల్ల "నొప్పిగా ఉందా ఆంటీ?" అంటే "ఏమో" అంటుంది. ఏమో ఏంటి, నీ చెయ్యే కదా తల్లీ!

రిమోట్ తన దగ్గరే ఉన్నా ఆవిడ పెట్టేది ఒక్కటే. మాస్టారు పెట్టిందీ అదే, ఆయనకు ముందున్నాయన పెట్టిందీ అదేనట. ఓ బొమ్మల కుటుంబం. నాన్న, అమ్మ, కవలపిల్లలు, గ్యారేజీలో మకాం పెట్టిన నాన్నమ్మ. మా పెద్దవాడు పాకే రోజుల్లో మొదలైంది. వాడికి ఇప్పుడు బట్టతల వచ్చింది, ఆ కవలలు మాత్రం ఇంకా నాలుగో తరగతే.

వచ్చిన కొత్తలో నేను గొడవపడ్డాను, ఈ వయసులో మనకి బొమ్మలేంటి, ఎవరైనా వింటే నవ్విపోతారు అని. తర్వాత తర్వాత అర్థమైంది. వార్తలు పెడితే సగంమందికి బీపీ పెరుగుతుంది. సీరియల్ పెడితే అందులో ఎప్పుడూ ఎవరో ఒకరు ఆసుపత్రిలో ఉంటారు, ఆ సంబడం మాకిక్కడ ఉన్నదే. సినిమా అయితే సగంలో మా టైము అయిపోతుంది, ఇంటికెళ్ళి చివరికేమైందో అని గింజుకోవాలి. ఈ బొమ్మలతో ఏ పేచీ లేదు. ఎక్కణ్ణుంచి చూసినా ఫర్వాలేదు, మధ్యలో కునుకు తీసినా నష్టం లేదు. నాన్న ఈ వారం వంటిల్లు తగలబెడతాడు, పై వారానికి వంటిల్లు తళతళలాడుతూ ఉంటుంది. పైకప్పు మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంటాడు, మళ్ళీ వారం కుక్క వెంట పరిగెడతాడు. వాళ్ళలో ఎవరికీ వయసు రాదు, ఎవరూ పోరు. మాకు అది చాలు. ఆ అరగంటా వార్డంతా నవ్వుతుంది, కండక్టరమ్మ తప్ప.

ఒకరోజు అలా చూస్తూ చూస్తూనే అంది.

"టైలరూ, నాకు విసుగు రావట్లేదే."

"అదృష్టవంతురాలివి. నాకు రోజూ వస్తోంది."

"అది కాదు. విసుగొస్తే, ఇంకేదో కావాలని ఉన్నట్టు కదా. నాకదీ లేదు. ఆకలి లేదు, భయం లేదు. ఆయన స్కూటరెక్కమంటే ఎక్కుతున్నాను. ఎక్కకపోతే ఏమవుతుందా అనిపిస్తోంది."

"ఏమవుతుందో తెలీదా? ఒళ్ళంతా నీరు పట్టి, ఊపిరాడక పోతావు. డాక్టరు చెప్పలేదూ?"

"చెప్పాడు" అంది, వేరేవాళ్ళ సంగతి చెప్పినట్టు.

నేను ఊరుకోలేదు. టెక్నీషియన్ పిల్లకి చెప్పాను, ఆ పిల్ల డాక్టరుకి చెప్పింది, ఆయన ఏవో మాత్రలు రాశాడు. అవి దేనికని కూడా అడక్కుండా మింగేసింది మహాతల్లి.

ఆ పై సోమవారం ఆవిడ రాలేదు. రిమోట్ ఆవిడ దిండు మీదే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. బుధవారం ప్లంబరు ఒక్కడే లోపలికొచ్చాడు.

"ఉందమ్మా, ఉంది" అన్నాడు నా మొహం చూసి. "మంచం దిగనంటోంది. కాళ్ళూ మొహమూ వాచిపోయాయి. పడుకుంటే ఊపిరాడట్లేదు, రాత్రంతా కూర్చునే ఉంది. బతిమాలాను, అరిచాను, కాళ్ళు కూడా పట్టుకున్నాను. ఇంక రానంటోంది. ఇక్కడున్న దుప్పటి తెచ్చెయ్యమంది. రిమోట్ మీకిమ్మంది."

రిమోట్ తీసి నా మంచం మీద పెట్టబోయాడు. నాకు ఎక్కడలేని కోపం ముంచుకొచ్చింది. చేతికి సూదులుండబట్టి సరిపోయింది, లేకపోతే దాన్ని కిటికీలోంచి గిరాటేసేదాన్నే.

"నేను ముట్టను బావగారూ. మనిషి ఉండగా రిమోట్ చేతులు మారదు. అది మా వార్డు రూలు. ఇవ్వాలనుంటే అక్కే వచ్చి ఇవ్వాలి. తీసుకెళ్ళి తన చేతిలో పెట్టండి. తను వచ్చేదాకా ఇక్కడ ఎవరికీ టీవీ లేదని చెప్పండి."

అక్కే వచ్చి ఇవ్వాలనీ, అందాకా టీవీ లేదనీ రూలేమీ లేదు, అప్పటికప్పుడు పుట్టించాను. ఎదురు మంచం పోస్టుమాన్ మాత్రం "అవునవును, ఎప్పట్నుంచో ఉంది" అని తలూపాడు, పుణ్యాత్ముడు. ప్లంబరు మా ఇద్దరి వంకా చూసి, రిమోట్ చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

"టీవీకే బటన్ ఉంటుంది ఆంటీ, నొక్కనా?" అంది టెక్నీషియన్ పిల్ల. వార్డంతా ఒక్కసారిగా ఆ పిల్ల మీద గయ్యిమంది.

మేం ఇంకా మెషీన్ల మీద ఉండగానే కండక్టరమ్మను చక్రాల కుర్చీలో తోసుకొచ్చారు. మొహం గుర్తుపట్టలేనట్టు ఉబ్బిపోయింది. ఒళ్ళో రిమోట్. డాక్టరు పరుగున వచ్చాడు, ముక్కుకి ఆక్సిజన్ పెట్టి మెషీన్ తగిలించారు. చాలాసేపటికి గానీ ఊపిరి కుదుటపడలేదు.

"టైలరూ" అంది కళ్ళు మూసుకునే.

"ఊఁ."

"ఏం రూలే అది? నేనెప్పుడూ వినలేదు."

"కొత్తగా పెట్టాం."

"నా మీద ప్రేమా?"

అవునందామనుకున్నాను. నోరు రాలేదు.

"కాదక్కా. నువ్వు పోతే తర్వాత నేనే. ఆ రిమోట్ నా దగ్గరకొస్తుందంటే చచ్చే భయంగా ఉంది. నా ముందు నువ్వున్నంతసేపూ నాకింకా టైముందనిపిస్తుంది" అన్నాను. అంటూనే ఏడ్చేశాను. ఎదురుగా పోస్టుమాన్ మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

ఆవిడ కళ్ళు తెరిచి నా వంక చూసింది.

"నాకు బతకాలని లేదు టైలరూ. ఇప్పుడూ లేదు, ఇకముందు అనిపిస్తుందనీ అనుకోను" అంది. గొంతులో ఏమీ లేదు, టికెట్టు చింపి ఇస్తున్నట్టే ఉంది. "నీ ముందు కూర్చోమంటావు, అంతే కదా. దానికి బతకాలని ఉండక్కర్లేదు. కూర్చుంటాలే."

రిమోట్ ఎత్తి టీవీ పెట్టింది. బొమ్మల నాన్న అప్పటికే వంటిల్లు తగలబెట్టేశాడు, అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

శుక్రవారం నేను వెళ్ళేసరికి ఆవిడ అప్పటికే వచ్చి కూర్చుంది.