మోటారు కూత

ఎడారి ఊరు చాండ్లర్‌లో మా అమ్మాయి సుధ ఇంటి గరాజ్‌లో వేడెక్కిన వార్నిష్ వాసన వేస్తోంది. బల్లకు బిగించిన ఒక మోటారుది ఆ వాసన. ఈ రకం మోటార్ల చప్పుడు తగ్గించడమే సుధ ఉద్యోగం. లోపల తిరిగే ఇనుప చక్రానికి అయస్కాంతమూ లేదు, తీగ చుట్టలూ లేవు. చుట్టూ ఉన్న రాగితీగ కాయిళ్లు వంతులవారీగా దాని పళ్లను లాగి తిప్పుతాయి, లాగిన ప్రతిసారీ బయటి పెంకు రవ్వంత నొక్కుకుని అదురుతుంది, ఆ అదురే కూతగా బయటికొస్తుంది.

నిడదవోలులో మా నాన్న మోటార్ రివైండింగ్ షాపులోనూ ఇదే వాసన. ఎండాకాలంలో వార్నిష్‌లో ముంచిన కాయిళ్లు వాకిట్లో వరసగా ఆరేవి, పక్కనే మంచం మీద అమ్మ ఆవకాయకని ఎండబెట్టిన ఆవాలూ మిరపకాయలూ ఉండేవి, కొత్త ఆవకాయ ముద్ద నోట్లో పెట్టుకోబోతే వేళ్లకంటిన వార్నిషే ముందు ముక్కుకు తగిలేది. పిల్లలం బొంగరాలాడుతూనే లోపలి చప్పుడు విని అది ఎన్ని హార్స్‌పవర్ మోటారో పందెం కట్టేవాళ్లం. నాన్న మోటారుకి స్క్రూడ్రైవర్ మొన ఆనించి, చెక్క పిడిని చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకునేవాడు. ఆయన తల ఊపితేనే మోటారు షాపు దాటేది. ఊళ్లో మిల్లులన్నిటికీ ఆయన చెవి మీదే గురి.

నాకు పన్నెండో ఏడు. రైస్ మిల్లులో నాన్న బాగుచేసి బిగించిన మోటారు సూదిలా సన్నగా కూస్తుంటే చెవులు మూసుకున్నాను.

"నాన్నా, అరుస్తోంది."

నాన్న చాలాసేపు విన్నాడు. "ఏం లేదురా. బ్రహ్మాండంగా ఉంది."

మర్నాడు బేరింగ్ పట్టేసి మోటారు కాలిపోయింది. "కుర్రాడికి వినబడింది నీకు వినబడలేదా, మేస్త్రీ?" అని మిల్లు యజమాని నలుగురిలో అడిగితే నాన్న తల వంచుకున్నాడు. మిల్లులు ఒక్కొక్కటీ వేరే షాపు చూసుకున్నాయి, మా షాపు మూతబడింది. నా మొదటి డైరీలో మొదటి వాక్యం అప్పుడు రాసిందే: "నాన్న విని కూడా అబద్ధమాడాడు." ఆయన పోయేదాకా ఆ కళ్లతోనే చూశాను.

ఇవాళ సుధ మోటారు తిప్పింది. మనవరాలు రియా చెవులు మూసుకుంది. "మమ్మీ, ఆపు! చెవులు హర్ట్ అవుతున్నై!"

నాకు ఫ్యాన్ గాలిలాంటి గుయ్‌మనే చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

సుధ ల్యాప్‌టాప్‌లో ఏదో అంకె మార్చింది. "నా చెవులు దీనికి అలవాటుపడిపోయాయి. మీరు చెప్పండి నాన్నా, కూత తగ్గిందా? రేపు ఆఫీస్‌లో డెమో."

"చాలా తగ్గిందమ్మా."

"లేదు! ఇంకా ఎక్కువైంది! తాతా, యూ ఆర్ లయింగ్!" అంది రియా.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. నాన్నకు నిజంగానే వినబడలేదు. చెవి పోయిందని ఆయనకే తెలిసి ఉండదు, నాకు ఇవాళ్టిదాకా తెలియనట్టు. తెలిసినా, చెవి మీద బతికే మనిషి ఆ మాట ఎవరితో అనగలడు? పన్నెండేళ్ల కొడుకుతోనా?

"నన్ను నమ్ముకోకు సుధా," అన్నాను. "నాకా కూత వినబడట్లేదు."

సుధ మోటారు ఆపేసింది. "ఎప్పట్నుంచి నాన్నా?"

ఈ ఊళ్లో పిట్టలు కూయవని, ఎడారి కదా అని, వచ్చిన కొత్తలోనే తీర్మానించుకున్నాను.

"రియా, పొద్దున పెరట్లో పిట్టలు కూస్తాయా?"

"ఎవ్రీ డే, తాతా."