కాలవ గట్టు మీద అంబాసిడర్ నడిపిందెవరు

ఈ ఉదయం మా డీజిల్ అంబాసిడర్‌ని అమ్మేశాం. కొనుక్కున్నాయన కాకినాడ నుంచి వచ్చారు. ఆయన తలుపు తెరవగానే వేడెక్కిన రెక్సిన్ సీటు వాసన, డీజిల్ వాసన కలిసి వచ్చాయి. చిన్నప్పుడు అలాంటి వెనక సీట్లో అయిదారుగురు ఇరుక్కుని కూర్చున్న మీకెవరికీ ఆ వాసన గురించి చెప్పక్కర్లేదు.

ఆ వాసనకి నాకెప్పుడూ ఒకటే గుర్తొస్తుంది. కాలవ గట్టు మీద మా కారు వెళ్తూ ఉంటుంది. స్టీరింగ్ పట్టుకున్న చేతులకి ఆకుపచ్చ మట్టిగాజులు. నాన్నగారేమో పక్క సీట్లో. ఎన్నిసార్లు అడిగినా ఆయన, "మీ అమ్మకి కారు నడపడమేంటి, కలొచ్చుంటుంది" అనేవారు. నేనూ కలే అనుకున్నాను.

కాకినాడాయన తాళం తిప్పితే ఇంజను అందుకోలేదు. అరుగు మీంచి అమ్మ, "డీజిల్ బండి కదా, ముందు ఇంజను వేడెక్కాలి. హీటర్ దీపం ఆరేదాకా ఆగి తిప్పండి బాబూ" అంది. ఈసారి వెంటనే అందుకుంది.

"నీకెలా తెలుసమ్మా?" అన్నాను.

"మీ నాన్నగారికి కంటి ఆపరేషన్ అయిన ఏడాది నేనే నడిపాను. ఎవరికీ చెప్పొద్దన్నారు."

నాన్నగారు బానెట్ తుడుస్తున్నారు. తుడుస్తూనే, "బాగా నడిపేదండి" అన్నారు, నాతో కాదు, కాకినాడాయనతో.

కారు వెళ్లిపోయింది. నాన్నగారి మీద కోపం తెచ్చుకోవాలో, ఇన్నేళ్లూ ఊరుకున్నందుకు అమ్మని అడగాలో తెలియక గుమ్మంలోనే నిలబడ్డాను. అమ్మే నా దగ్గరికొచ్చింది.

"ఇప్పుడొచ్చే కార్లకి గేర్లు కూడా మార్చక్కర్లేదటగా?" అంది.