కాగితం మీద మైలేజీ, అమ్మ ప్రయాణం

మా ఆయన, మా చెల్లెలి భర్త ఒకే రకం చిన్న కార్లు కొన్నారు. పక్కపక్క ఊళ్లే కాబట్టి తరచూ కలిసేవారు, కలిస్తే కారు మాటే.

"మీదెంతిస్తోందండి అన్నయ్యగారూ?" అన్నారు మరిదిగారు ఒకరోజు మా అరుగు మీద కూర్చుని.

"లీటరుకి ఇరవై రెండు. కంపెనీ కాగితంలో ఉన్నట్టే," అన్నారు మా ఆయన కాఫీ చల్లార్చుకుంటూ.

"మాది పదమూడు దాటట్లేదండి. మీది కారా, కామధేనువా!"

మాదీ పదమూడే. భీమవరం దాకా రోడ్డంతా చేపల లారీలు చేసిన గోతులు. రెండో గేరు దాటితే పండగే. లోపలికొచ్చాక అడిగితే, "తక్కువ చెప్తే నాకు నడపడం రాదనుకుంటారే," అన్నారు.

తర్వాత మా ఊళ్లోనే ఉంటున్న అమ్మకి కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు భీమవరంలో డయాలసిస్ చేయించాలి. ఎవరు తీసుకెళ్లాలన్న మాట వచ్చినప్పుడు చెల్లెలు అమ్మ మంచం మీద కూర్చుని, "మాది పెట్రోలు తాగేస్తది కదక్కా. బావగారిదైతే సగం ఖర్చులో అయిపోద్ది," అంది. ఇప్పుడైనా నిజం చెప్తారేమోనని మా ఆయన వైపు చూశాను. ఆయన గోడ మీది క్యాలెండరు చూస్తున్నారు.

నెల తిరిగేసరికి పెట్రోలు ఖర్చుకి ఆయన మొహం మారిపోయింది. ముందు ఏసీ ఆగింది. "అద్దం దించుకోండత్తయ్యగారూ, గాలొస్తది," అనేవారు. ఎండాకాలం. వచ్చేది దుమ్ము, రొయ్యల మేత వాసన. డయాలసిస్ అయ్యాక అమ్మకి తల నిలిచేది కాదు, నా భుజం మీద వాలిపోయేది.

ఒకసారి ఉండబట్టలేక, "కాసేపు ఏసీ వెయ్యండి," అన్నాను.

"పెట్రోలు మీ పుట్టింటివాళ్లు పోస్తారా?"

వెనక సీట్లో నా పక్కనే అమ్మ ఉంది.

మళ్లీ ఆసుపత్రికి వెళ్లాల్సిన పొద్దున ఆవిడే సంచీ పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. "అల్లుడుగారూ, మీకెందుకండి శ్రమ. బస్సులో వెళ్తాను," అంది.

"మీ ఇష్టమండి," అన్నారాయన.

నేనూ వెంట వెళ్లాను. తిరుగు బస్సులో జనం. సూదులు గుచ్చిన చేతికి కట్టుతో, రెండో చేత్తో కడ్డీ పట్టుకుని నిలబడింది అమ్మ. మా ఊరావిడ లేచి చోటిచ్చి, "ఇదేంటి పిన్నీ, కూతుళ్లిద్దరికీ కార్లున్నాయిగా!" అంది.

"ఉన్నాయమ్మా. రెండూ రిపేరుకిచ్చారు," అంది అమ్మ, కట్టు కట్టిన చెయ్యి కొంగు కిందకి లాక్కుంటూ.