మగ్గం గుంటకు సరిపడా

మా వాకింగ్ మిత్రులు పోయిన వారం నన్ను ఇరకాటంలో పెట్టారు. బందరు కాలువ గట్టున పొద్దున్నే నడిచే పాతికమందిమి కలిసి ఒక సంఘం పెట్టుకున్నాం లెండి. దానికో బోర్డు, ఒక అధ్యక్షుడు, నెలకోసారి ఇడ్లీలతో సమావేశం. ఈసారి సమావేశంలో "ఇరవై ఏళ్ళకు పైగా బరువు పెరగకుండా ఎలా నిలబడ్డారు, ఆ పట్టుదల ఎక్కణ్ణుంచి వచ్చిందో ఐదు నిమిషాలు చెప్పండి సార్" అని నన్ను లేపారు. గొంతు సవరించుకున్నాను. ఉప్పు తగ్గించాలి, పెందలాడే భోంచెయ్యాలి అని రెండు ముక్కలు చెప్పి కూర్చున్నాను. చప్పట్లు కొట్టారు. నిజం చెప్పాలంటే అది ఐదు నిమిషాల్లో తేలేది కాదు, ఈలోగా ఇడ్లీలు చల్లారిపోతాయి. పైగా అందులో నా పట్టుదల కన్నా నా సిగ్గే ఎక్కువ. ఇంటికొచ్చాక కుదురు లేదు. కూర్చుంటే లేవాలని, లేస్తే ఎటైనా పోవాలని. మా ఆవిడ "ఏంటండీ, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నారు" అంది. తిరిగి తిరిగి, చివరికి ఇలా కాగితం ముందేసుకున్నాను.

అప్పట్లో నాకు నలభై అయిదు. గవర్నర్‌పేటలో చేనేత చీరల హోల్‌సేల్ షాపు. పొద్దున తొమ్మిదింటికి తెల్ల పరుపు మీద దిండుకి చేరగిలబడితే మళ్ళీ షట్టర్లు దించేటప్పుడే లేవడం. చీరలు విప్పేవాళ్ళు వేరే, మడతలు పెట్టేవాళ్ళు వేరే. నాలో కదిలేది నోరొక్కటే, అదైనా బేరానికో పకోడీకో. తొంభై నాలుగు కిలోలున్నానని మా రైల్వే స్టేషన్లో రంగుల లైట్లు తిరిగే బరువు మిషను చెప్పింది. రూపాయి వేస్తే అట్టముక్క పడేది, ఒకవైపు బరువు, రెండోవైపు జాతకం. నా తొంభై నాలుగు వెనకాల "మీరు త్వరలో మరింత ఎదుగుతారు" అని ఉంది. డాక్టరు గారు మాత్రం నవ్వలేదు. "షుగరు మీ గుమ్మం దాకా వచ్చిందండీ, లోపలికి పిలుస్తారో పంపిస్తారో మీ ఇష్టం" అన్నారు. ఆ భయం నాకు సరిగ్గా పదిహేను రోజులు పనిచేసింది. బూట్లు కొన్నాను, రాగి జావ తాగాను, అన్నం మానేసి పుల్కాలు తిన్నాను. మన వైపు మనిషికి పుల్కాలు తిన్న రోజు భోంచేసినట్టే ఉండదు, ఎవరింటికో వెళ్ళి కాఫీ తాగి వచ్చినట్టుంటుంది. పదహారో రోజున బూట్లు మంచం కిందికి పోయాయి. ఆరంభశూరత్వం మా వంశంలో నాతోనే మొదలైంది. మా నాన్న అలాంటివాడు కాదు.

నాన్న మంగళగిరిలో నేతపని చేసేవాడు. డెబ్భై దాటినా కర్రలా ఉండేవాడు. అమ్మ పోయాక మా అక్క పక్కింట్లోనే ఉంటూ ఆయన్ని కనిపెట్టుకుని ఉండేది. ఇంట్లో ముందు గదంతా మగ్గమే. మాది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించి, గుంట అంచున కూర్చుని నెయ్యాలి. నేనూ పద్దెనిమిదో ఏడు దాకా ఆ అంచున కూర్చున్నవాణ్ణే. నా వల్ల కాదని ఒకరోజు లేచి, బస్సెక్కి బెజవాడ వచ్చి బట్టల కొట్లో గుమస్తాగా చేరాను. నాన్న ఆపలేదు, తిట్టలేదు. తర్వాత నేను షాపు పెట్టి చీరలు అమ్ముతుంటే వచ్చి చూసి, ఒక చీర అంచు వేళ్ళతో తడిమి "మంచి నేత" అని వెళ్ళిపోయాడు. అది మెచ్చుకోలో దెప్పిపొడుపో నాకు చాలా కాలం తెలీలేదు.

ఆ ఏడు దసరాకి వెళ్తే మగ్గం మీద కొత్త పడుగు ఎక్కించి ఉంది, అరడజను చీరలకి సరిపడా నిలువు పోగులు. "దీంతో ఆపేస్తున్నాన్రా. కళ్ళు పోగుని పట్టుకోలేకపోతున్నాయి. ఆపరేషన్ అంటున్నారు" అన్నాడు నాన్న. నాకేమనిపించిందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. పాతికేళ్ళకు పైగా వాళ్ళూ వీళ్ళూ నేసినవి అమ్ముకుని బతికాను, నాన్న పక్కన కూర్చుని ఒక్క చీర పూర్తిగా నేసింది లేదు. "ఆఖరి చీర నేను నేస్తాను నాన్నా" అన్నాను. అన్నాక నాకే ఆశ్చర్యమేసింది. నాన్న నన్ను కిందికీ పైకీ చూసి, "ఏదీ, కూర్చో" అన్నాడు. కాళ్ళు గుంటలోకి దించాను. అంత వరకే దిగాను. ఎదురుగా, నేసిన బట్ట చుట్టుకునే దుంగ ఉంటుంది, నా పొట్ట దానికి ఆనుకుని ఆగిపోయింది. అడ్డపోగుని అటూ ఇటూ తీసుకెళ్ళే నాడె తాడు లాగబోతే మోచెయ్యి నా పొట్టకే తగిలింది. వెనక్కి లేద్దామంటే లేవలేను. చివరికి అక్కా, నాన్నా చెరో రెక్కా పట్టుకుని పైకి లాగారు. అక్క పైట నోట్లో కుక్కుకుని పెరట్లోకి పరిగెత్తింది. నాన్న నవ్వలేదు. "దుంగకీ పొట్టకీ మధ్య నాలుగు వేళ్ళు ఆడాలి. నాలుగు వేళ్ళు పట్టిన రోజున ఆఖరి చీర నీది. అయిదారు నెలలు పడుతుందిలే ఇది తెమిలేసరికి" అన్నాడు.

అలా మొదలైంది. ఈసారి తోడుకి మా పక్క షాపు భాయ్‌ని పట్టాను. ఆయన లుంగీలు, తువాళ్ళు అమ్మేవాడు, నా కన్నా రెండేళ్ళు చిన్న, రెండు కిలోలు ఎక్కువ. తెల్లారేసరికి ఇద్దరం బ్యారేజీ మీద ఉండేవాళ్ళం. ఇటు నుంచి సీతానగరం దాకా వెళ్ళడం, మళ్ళీ రావడం. వెళ్ళేటప్పుడు నాకు ఊపు, ఎందుకంటే మొహం మంగళగిరి వైపుండేది. వచ్చేటప్పుడు ఇద్దరికీ దోసెల వాసన వచ్చేది, ఎక్కడా హోటలు లేకపోయినా. రంజాను నెలొచ్చింది. ఇక భాయ్ మానేస్తాడు, నేనూ మానెయ్యొచ్చని లోపల్లోపల సంతోషపడ్డాను. ఆయన నమాజు చేసుకుని టంచనుగా వచ్చాడు. "మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఎలా నడుస్తావయ్యా?" అంటే, "రోజా అంటే నా ఒక్కడిదా అన్నా? ఇంట్లో మా అమ్మకాణ్ణుంచి అందరూ ఉంటారు. అందరితో పాటు అంతే. ఒక్కణ్ణే అయితే పది గంటలకే ఇడ్లీ తినేస్తా" అన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు, ఎందుకంటే నా ఆకలి నా ఒక్కడిదే. మా ఆవిడ నాకు జావ పోసి, పిల్లలకి గుత్తి వంకాయ కూర, నెయ్యి, గడ్డ పెరుగు వడ్డిస్తుంటే నాకు అందరి మీదా కోపం వచ్చేది, వంకాయ మీద తప్ప.

అయినా తగ్గాను. గురువారం గురువారం ప్లాట్‌ఫారం టికెట్టు కొనుక్కుని మిషనెక్కడం, ఆదివారం మంగళగిరి వెళ్ళి గుంటలోకి కాళ్ళు దించడం. నాన్న వంగి, దుంగకీ నా పొట్టకీ మధ్య వేళ్ళు దూర్చి చూసేవాడు. రంజాను అయ్యేసరికి ఒక వేలు పట్టింది. కొత్త సంవత్సరానికి రెండు. ఆ తర్వాత మూడోది, అదీ బలవంతంగా. నాన్న మాత్రం బాగా నెమ్మదించాడు. వారం తర్వాత వెళ్ళినా బట్ట జానెడు కూడా పెరిగినట్టుండేది కాదు. ఒకప్పుడు నాలుగు రోజులకో చీర దించిన మనిషి. పాపం కళ్ళు బొత్తిగా పోయాయనుకున్నాను.

మిషను ఎనభై రెండు దగ్గర ఆగిపోయింది. రెండు వారాలు, మూడు వారాలు, నాలుగు వారాలు. ఇంకాస్త నడిచాను, ఇంకాస్త మాడాను. అట్టముక్క మీద అంకె మారలేదు. మనిషికి ఆకలి కన్నా ఫలితం లేని ఆకలి కష్టం. రాత్రిళ్ళు మంచం మీద దొర్లడం, షాపులో గిరాకీల మీద కసురుకోవడం. ఆ అదునులో తెనాలి దగ్గర మా ఆవిడ వైపు వాళ్ళ పెళ్ళి తగిలింది. "ఒక్క పూటకేం కాదు బావగారూ" అని బూరె విరిచి, మధ్యలో నెయ్యి పోశారు. ఒక్క పూటతో ఆగలేదు. విస్తరి ముందు నుంచి లేచి ఇంటికొచ్చి కూడా తింటూనే ఉన్నాను. భాయ్ రోజూ తెల్లారి వీధిలో నిలబడి సైకిలు బెల్లు కొట్టేవాడు. నేను దుప్పటి ముసుగేసుకునేవాణ్ణి. వారం కొట్టి మానేశాడు.

ఆదివారం వచ్చింది. మూడు వేళ్ళు పట్టిన చోట రెండే పడితే నాన్న మొహం ఎలా చూడను? వచ్చే వారానికి తగ్గి వెళ్దామని ఆగాను. ఆ వచ్చే వారం ఇంకాస్త పెరిగాను. అలా నాలుగు ఆదివారాలు ఎగ్గొట్టాను, తిరునాళ్ళకి కూడా పోలేదు. నాన్న ఒకసారి ఫోన్ చేశాడు. "వస్తున్నావట్రా ఈ వారం?" అన్నాడు. "షాపులో స్టాక్ చూసుకుంటున్నాం నాన్నా, తెమలట్లేదు" అన్నాను. "సరేలే, పని చూసుకో" అన్నాడు. ఆపరేషన్ తేదీ గురించి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

అయిదో ఆదివారం సిగ్గు చచ్చి బయల్దేరాను. గుమ్మంలో అడుగు పెట్టబోతుంటే, లోపల కుర్చీలో నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చున్న నాన్న అడుగుల చప్పుడు పోల్చుకుని, "సిమెంటు ఇంకా ఆరలేదురా, పక్క నుంచి రా" అన్నాడు. ముందు గదిలో మగ్గం లేదు. గుంట లేదు. మట్టి నింపి పైన చేసిన సిమెంటు, నేల మీద తడి మరకలా నల్లగా కనిపించింది. కంటికి కట్టు కట్టుకుని తిరుగుతూ అందులో పడిపోతాడని అక్కే పూడ్పించింది. మంచి పనే. అయినా పెరట్లోకి వెళ్ళి అక్క మీద విరుచుకుపడ్డాను. "నాలుగు రోజులు ఆగలేకపోయారా?" అన్నాను. అక్క గిన్నెలు తోముతూ తలెత్తలేదు. "ఆగాం కదరా అయిదు నెలలు. నాన్న రోజుకి ఎన్ని పోగులు నేసేవాడో తెలుసా? నువ్వొచ్చేదాకా పడుగు మిగలాలని సగం రోజు నాడె చేత్తో పట్టుకుని ఊరికే కూర్చునేవాడు. పడుగు ఎండకి పెళుసెక్కి పోగులు తెగుతుంటే అతుక్కుంటూ కూర్చున్నాడు. ఆపరేషన్‌కి రెండు రోజుల ముందు, ఇంక రాడులే అని ఆఖరి చీర కూడా తనే ముగించి దించేశాడు" అంది.

తిరిగొస్తుంటే సీతానగరంలో బస్సు దిగిపోయాను. బ్యారేజీ మీద నడిచి ఇంటికొచ్చాను. మర్నాడు నేనే భాయ్ ఇంటి ముందు నిలబడ్డాను. ఆ తర్వాత నన్నెవరూ లేపాల్సిన పని లేకపోయింది. అది పట్టుదల కాదండీ, ఒళ్ళుమంట. ఎవరి మీదో కూడా తెలీదు. వినాయక చవితి నాటికి డెబ్భై నాలుగుకి దిగాను. పాత చొక్కాలు వంకీకి వేలాడేసినట్టుండేవి. ఆ పండక్కి వెళ్తే నాన్న, కళ్ళు కాస్త కనిపిస్తున్నాయి కాబట్టి, నన్ను ఎగాదిగా చూసి "చిక్కావురా" అన్నాడు. అప్పుడిక దాచలేకపోయాను. గట్టిపడిన ఆ సిమెంటు మీదే ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, "ఆ నాలుగు వారాలూ స్టాకూ లేదు ఏమీ లేదు నాన్నా. మళ్ళీ లావెక్కాను. సిగ్గేసి రాలేదు" అన్నాను. "తెలుసులేరా. పెళ్ళి భోజనాల సంగతి అక్క చెప్పింది" అన్నాడు. కాసేపు నా భుజం మీద చెయ్యి వేసి ఉంచాడు, చీర అంచు తడిమినట్టే. "లావుగానే వచ్చుండాల్సింది. నేను నేస్తుంటే పక్కన కూర్చునేవాడివి" అన్నాడు.

నాన్న తర్వాత ఆరేళ్ళు ఉన్నాడు, నేను ఒక్క ఆదివారం కూడా తప్పలేదు. బరువు మళ్ళీ పెరగలేదు, నడక ఆగలేదు. ఇన్నేళ్ళలో కాళ్ళు ఎన్ని వేల మైళ్ళు నడిచాయో తెలీదు కానీ, వెనక్కి నడిచి ఆ నాలుగు ఆదివారాల దగ్గరికి చేరే దారి మాత్రం వాటికి ఇంకా దొరకలేదు.