ముందు టైమ్ వెయ్యి బిడ్డా

బొగ్గు లారీలు తిరిగే రోడ్డు వానకు తడిస్తే ఒక వాసన వస్తుంది. మట్టివాసన కాదు, పొయ్యిలో నీళ్లు పోసినప్పుడు వచ్చే వాసనలాంటిది. పాల్వంచకు కొత్తగా వచ్చినవాళ్లు ముక్కు మూసుకుంటారు, పాతవాళ్లు వాన పడిందనుకుని కిటికీ వేస్తారు. నేను మాత్రం ఫోను అందుకుంటాను. ఇవాళ పొద్దున కూడా ఆ వాసనకే లేచాను. అప్పటికే ఒక మెసేజ్ వచ్చి ఉంది. "అక్కా, మా వాగు దాటొచ్చా? డ్యూటీకి పోవాలె." జవాబు రాయబోయి ముందు గడియారం చూశాను. ఆరూ నలభై. ఏ కబురైనా టైమ్ వేశాకే మిగతా మాట. ఈ అలవాటు నాకు పుట్టుకతో వచ్చింది కాదు. రామనర్సయ్య సారు దగ్గర తిట్లు తిని నేర్చుకున్నది.

నేను "దారి కబురు" అనే చిన్న బ్లాగు నడుపుతాను. పాల్వంచ, భద్రాచలం, చర్ల, ఆ పైన అడవిలోపలి ఊళ్లదాకా ఏ బస్సు ఎన్నింటికి, ఏ వాగు పొంగింది, ఏ దారి మూశారు అన్నవే అందులో రాస్తాను. ఇప్పుడు దీన్ని చూసి కొందరు కుర్రవాళ్లు బ్లాగు ఎలా నిలబెట్టాలో చెప్పమని అడుగుతుంటారు. నేను చెప్పేవన్నీ సారువే. ఆయన మాత్రం తన జన్మలో ఒక్క బ్లాగు కూడా రాయలేదు.

మాది వేంసూరు. పెళ్లయి పాల్వంచ వచ్చాను. మా ఆయనకు షిఫ్టు డ్యూటీ. ఆయన పగలు పడుకునే వారాల్లో ఇంట్లో గిన్నె చప్పుడు కూడా కాకూడదు. గిన్నె చప్పుడు సంగతి అటుంచి, నోరు మూసుకుని ఉండటం నా వల్ల అయ్యే పని కాదు. అందుకని మా వీధి చివర నెట్ సెంటరుకు పోయి కూర్చునేదాన్ని. కిరాయి గది, మూడు కంప్యూటర్లు, ఒక ప్రింటరు. దాని యజమాని రామనర్సయ్య సారు థర్మల్ స్టేషన్ కంట్రోల్ రూములో ముప్పై ఏళ్లు మీటర్లు చూసి రిటైరైన మనిషి. జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు, నీలం ఒకటి, ఎరుపు ఒకటి. బల్ల మీద అట్ట వేసిన పొడుగాటి రిజిస్టరు. కరెంటు పోయినా, ప్రింటరులో కాగితం ఇరుక్కున్నా టైమ్ వేసి అందులో రాసేవాడు. అది చూసి నేను లోపల్లోపల నవ్వుకునేదాన్ని.

బ్లాగు మొదలుపెట్టిన వారంలోనే ఆయనకు చూపించాను. కిన్నెరసాని డ్యాముకు వెళ్లివచ్చి రాసిన పేజీ అది. ఫోనులో తీసిన పద్నాలుగు ఫోటోలు ఉన్నవి ఉన్నట్టే ఎక్కించాను. పేరు "ప్రకృతి ఒడిలో ఒక రోజు". ఆయన కంప్యూటరులో చూడనని, తన పగిలిన ఫోను పట్టుకుని గది వెనక్కి, సిగ్నల్ ఒక్క గీత మాత్రమే ఉండే మూలకు పోయి నిలబడ్డాడు. పేజీ తెరిచి గట్టిగా లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. ఇరవై దాటినా మొదటి ఫోటోనే పూర్తిగా దిగలేదు.

"ఇదేంది బిడ్డా, నీ తలకాయ వచ్చింది గానీ కాళ్లు ఇంకా బస్సులనే ఉన్నయ్."

"మీ ఫోను పాతది సారూ," అన్నాను రోషంగా.

"అవ్, పాతదే. చర్ల దాటినంక అందరియీ గిసుమంటియే ఉంటయ్. పదంకెలు లెక్కపెట్టేలోపు తెరుచుకోకపోతే వాడు నీ పేజీ మూసి పోతడు. నువ్వేమో వాడు చదివిండనుకుంటవ్."

ఆ రోజే ఫోటోల సైజు తగ్గించడం నేర్పాడు. పద్నాలుగింట్లో నాలుగు ఉంచి మిగతావి తీయించాడు. ఫోటో రానివాళ్లకు కూడా అందులో ఏముందో తెలిసేలా ప్రతి ఫోటో కింద ఒక వాక్యం రాయించాడు. చివరికి పేరు దగ్గరికి వచ్చాడు. "ప్రకృతి ఒడి ఎక్కడుందని ఎవడన్న వెతుకుతడా? బస్టాండ్ల నిలబడ్డోడు ఏమని అడుగుతడో గదే పైన పెట్టు. జవాబు మొదటి లైన్ల చెప్పు. నీ కవిత్వం కింద రాసుకో, ఎవరొద్దన్నరు?" కవిత్వం అన్న మాటకు నాకు ఒళ్లు మండింది. అయినా "పాల్వంచ నుంచి కిన్నెరసానికి ఎలా వెళ్లాలి, బస్సులు ఎప్పుడున్నాయి" అని పేరు మార్చాను. నెల తిరగకుండానే ఎవరెవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు ఆ పేజీకి వచ్చి, తిరుగు బస్సు ఎన్నింటికని అడగసాగారు. అప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఆయన పద్ధతంతా కంట్రోల్ రూముదే. ఒకసారి నేను విసుగ్గా, ప్రతిదానికీ టైమ్ ఎందుకు సారూ అని అడిగితే రిజిస్టరు నా ముందుకు తిప్పాడు. "షిఫ్టు దిగేటోడు ఇంటికి పోయి పండుకుంటడు. ఎక్కేటోడు వాణ్ని లేపి అడగలేడు. వాడికి నువ్వు రాసిందే దిక్కు. ఏది నడుస్తున్నది, ఏది ఆగింది, ఎప్పుడు ఆగింది, గివి రాసి సంతకం పెట్టి చార్జి ఇయ్యాలె. వచ్చినోడు చదివి సంతకం పెట్టి చార్జి తీసుకోవాలె. నీ బ్లాగు చదివేటోడు గూడ గంతే. నీ తర్వాత షిఫ్టు మనిషి." తప్పు రాస్తే తుడవకూడదు. ఎరుపు పెన్నుతో ఒకే గీత కొట్టి, పక్కన సరైనది రాసి, టైమ్ వేయాలి. గీత కింద ఏమి రాశారో కూడా కనబడాలి. వైట్నర్ పూస్తే మెమో ఇచ్చేవారట.

అప్పటినుంచి నేను పెట్టే ప్రతి పోస్టు పేరూ, తేదీ, సమయం ఆయన తన రిజిస్టరులో ఎక్కించేవాడు. శనివారం శనివారం బ్లాగు మొత్తాన్ని ఒక పెన్‌డ్రైవులోకి దింపి, అది నిజంగా తెరుచుకుంటోందో లేదో చూసి మరీ జేబులో వేసుకునేవాడు. "తెరిచి చూడని బ్యాకప్ ఉన్నా లేనట్టే" అనేవాడు. సైటు పేరు నా పేరు మీదే కొనిపించి, రెన్యువల్ తేదీని గోడ క్యాలెండరులో ఎరుపు పెన్నుతో చుట్టాడు. నాకు ఇదంతా ముసలాయన చాదస్తంగా తోచేది.

రెండేళ్లకు నాకు రెక్కలొచ్చాయి. ఆన్‌లైన్ మార్కెటింగ్ నేర్పే గ్రూపుల్లో చేరాను. అక్కడ ఒకాయన చెప్పిన చిట్కా భలేగా అనిపించింది. పాత పోస్టులకు ఇవాళ్టి తేదీ వేసి మళ్లీ పెడితే వెతికేవాళ్లకు కొత్తవాటిలా పైకి వస్తాయట. వానాకాలం మొదట్లో ఒక పొద్దున కూర్చుని నలభై పోస్టుల తేదీలు మార్చేశాను. రెండు మూడు రోజులకోసారి మళ్లీ కొత్త తేదీ వేస్తూ పోయాను. వారంలో చూసేవాళ్లు రెట్టింపయ్యారు. భద్రాచలంలో ఒక లాడ్జి వాళ్లు ప్రకటన ఇస్తామని ఫోను చేశారు. నేను గాల్లో తేలుతున్నాను.

సారు మాత్రం రిజిస్టరు తెరిచి, స్క్రీను చూసి, మళ్లీ రిజిస్టరు చూశాడు.

"గిది పోయినేడు రాసింది గదా. కొత్త తేదీ ఎట్ల వచ్చింది?"

"అది టెక్నిక్ సారూ. ఇప్పుడు అందరూ అట్లానే చేస్తున్నారు. మీ కాలం వేరు."

ఆయన పెన్ను జేబులో పెట్టుకుని ఎవరిదో ఫారం నింపడానికి పోయాడు. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంది.

నాలుగు రోజులు ముసురు పట్టింది. అయిదో రోజు పొద్దున నెట్ సెంటరులో ఉండగా తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. ఆడపిల్ల గొంతు. పేరు సమ్మక్క అని చెప్పింది. చర్ల అవతల, వాగు దాటి ఇంకా లోపలికి పోతే వాళ్ల ఊరు. నర్సింగు సీటుకు ఆ రోజే ఖమ్మంలో సర్టిఫికెట్ల వెరిఫికేషన్. తెల్లవారగానే బయల్దేరి వాగు దాకా నడిచివచ్చింది. వాగు నిండుగా ఉంది.

"నీళ్లు తగ్గినయ్, బస్సులు మామూలుగా నడుస్తున్నయ్ అని మీ దాంట్ల ఉన్నది అక్కా. మొన్నటి తేదీ ఉన్నది. అది చూసే ఇయ్యాల బయల్దేరిన. లేకపోతే నిన్ననే సుట్టు తిరిగి వచ్చేదాన్ని."

తిట్టలేదు. ఏడవలేదు. ఇప్పుడు ఎటు తిరిగి వస్తే సాయంత్రంలోగా ఖమ్మం చేరవచ్చో మాత్రం అడిగింది. అటువంటి దారి ఏదీ లేదు. నాకు తెలిసినదంతా వెతికినా దొరకలేదు. "లేదమ్మా" అన్నాను. వాగు హోరు మధ్యనే ఫోను పెట్టేసింది. ఆ పిల్లకు ఒక ఏడాది పోయింది.

నేను మొదట చేసిన పని ఏమిటో చెప్పడానికి నోరు రావడం లేదు గానీ చెప్పాలి. ఆ పోస్టును తీసి పారేశాను. ఎవరూ చూడకముందే ఆనవాలు లేకుండా చేశాను. తల ఎత్తేసరికి సారు నా వెనక నిలబడి ఉన్నాడు.

"తుడిచేసినవా?"

ఆయనకు అంత కోపం రావడం అదొక్కసారే చూశాను. జేబులోంచి పెన్‌డ్రైవు తీసి బల్ల మీద పెట్టాడు. "మళ్ల పెట్టు. గీత కొట్టు. పైన రాయి, ఇది పోయినేటిది, తేదీ మార్చింది నేనే, తప్పు నాదే అని. ముందు టైమ్ వెయ్యి బిడ్డా. ఆ తర్వాత ఏడువు."

"ఇట్లా రాస్తే ఇంక నన్ను ఎవరు నమ్ముతారు సారూ?"

"తుడిచేస్తే నమ్ముతరా? ఇంకో పిల్ల ఇంకో వాగు కాడ నిలబడి ఉంటే ఎట్ల?"

అప్పుడు గుర్తొచ్చింది. మిగిలిన ముప్పై తొమ్మిది పోస్టులూ తప్పుడు తేదీలతోనే ఉన్నాయి. అసలు తేదీలు నాకు గుర్తు లేవు. సారు రిజిస్టరులో ఉన్నాయి. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటే చదువుతుంటే నేను మార్చుకుంటూ పోయాను. దారులకూ వాగులకూ సంబంధించినవి ముందు, తక్కినవి తర్వాత. మా ఆయన షిఫ్టు దిగి వచ్చి, మా ఇద్దరి ముఖాలు చూసి, టీ తెచ్చిపెట్టి పోయాడు. ఆ వారమంతా నోటికొచ్చినట్టు తిట్టినవాళ్లు ఉన్నారు. లాడ్జి వాళ్లు ప్రకటన వద్దన్నారు. నేను బ్లాగు మూసేస్తానన్నాను. "చార్జి తీసుకునేటోడు రాకుండ కుర్చీ దిగుడు లేదు" అన్నాడాయన, తల ఎత్తకుండానే.

ఆ చలికాలంలోనే సారుకు జబ్బు చేసింది. దవాఖానాకు చూడటానికి పోతే వానలెట్లున్నాయని అడిగాడు. చలికాలంలో వానలేమిటి సారూ అన్నాను. నవ్వాడు. నన్ను క్షమించమని అడగాలనే పోయాను. గ్లాసులో పాలు పోసి ఇచ్చి, ఏవేవో మాట్లాడి వచ్చేశాను. మళ్లీ ఆ అవకాశం రాలేదు.

దినాలయ్యాక ఆయన కోడలు రిజిస్టరు తెచ్చి నా చేతిలో పెట్టింది. "మీకే ఇయ్యమన్నడు మామయ్య. మాకెవ్వరికీ సమజ్ కాదు." ఆఖరి పేజీ చూశాను. అక్షరాలు వంకర పోయాయి గానీ పైన తేదీ, సమయం ఉన్నాయి. కింద వరసగా రాసి ఉంది. పెన్‌డ్రైవు అల్మారాలో ఉన్నది, తెరిచి చూసిన, పని చేస్తున్నది. సైటు రెన్యువల్ ఉగాదికి ముందు. కిన్నెరసాని పేజీల రెండో ఫోటో ఇంకా బరువు. అన్నిటికన్నా కింద, ఎరుపు పెన్నుతో, ఒక ఫోను నంబరుతో సహా రాసింది ఇది. "సమ్మక్క. నోటిఫికేషన్ రాంగనే చెప్పాలె. ఒక రోజు ముందే బయల్దేరమనాలె. పెండింగ్." దాని కింద "చార్జి ఇచ్చిన" అని ఆయన సంతకం. పక్కన "చార్జి తీసుకున్న" అని రాసి, ఖాళీ వదిలాడు.

ఆ పిల్ల నంబరు ఆయనకు నా ఫోనులోంచే దొరికి ఉండాలి. ఎప్పుడు రాసుకున్నాడో తెలియదు. ఆమె గుర్తొచ్చినప్పుడల్లా నేను సిగ్గుతో ఫోను పక్కన పెట్టేసేదాన్ని. ఆయనేమో రాసిపెట్టుకున్నాడు. గడియారం చూసి, ఆ ఖాళీలో టైమ్ వేసి, సంతకం పెట్టాను. నోటిఫికేషన్ వచ్చిన రోజు సమ్మక్కకు ఫోను చేశాను. నా గొంతు గుర్తుపట్టింది. వెరిఫికేషన్ కన్నా ఒక రోజు ముందే బయల్దేరమన్నాను. "అయితే ముందు రోజే వస్త అక్కా" అంది. మా ఇంటికే వచ్చింది. పొద్దున్నే నేనే ఖమ్మం బస్సెక్కించి, ఆమె సర్టిఫికెట్ల సంచి కిటికీలోంచి అందించాను. ఆ సాయంత్రం సీటు వచ్చిందని ఫోను చేసింది. పెండింగ్ అన్న మాట మీద ఒకే గీత కొట్టి, పక్కన టైమ్ వేశాను.

ఇవాళ పొద్దున మెసేజ్ పెట్టింది ఆ సమ్మక్కే. ఇప్పుడు తమ పక్క ఊళ్లోనే నర్సు. వాగు ఒడ్డున చిన్న కొట్టు నడిపే అతనికి ఫోను చేసి, నీళ్లు ఎంతవరకు ఉన్నాయో కళ్లతో చూసి చెప్పమన్నాను. చెప్పాక రాశాను. "ఉదయం 6.52. నీళ్లు కల్వర్టు మీద పారుతున్నాయి. దాటొద్దు. ఎనిమిదింటికి మళ్లీ రాస్తాను." వెంటనే జవాబు వచ్చింది.

"సరే అక్కా. మీరు రాసేదాకా బయల్దేరను."

ఎనిమిది కావస్తోంది. మళ్లీ ఫోను చేసి కనుక్కోవాలి.