పది రోజుల మందు

వీరలక్ష్మి బొంతపల్లిలో నర్సుగా చేరి పద్నాలుగేళ్లయింది. తండ్రి తణుకు వైపు నుంచి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఆమె పుట్టి పెరిగింది ఇక్కడే అయినా మాట మాత్రం ఇంట్లో విన్న గోదావరి మాటే. ఊళ్లో అందరూ ఆమెను గౌరవిస్తారు. చెప్పింది మాత్రం ఎవరూ సగానికి మించి వినరు. ఆమె విసుగంతా అక్కడే.

ఆ వానాకాలం, కిరాణా కొట్టు రాజేశం పెద్దకూతురు పూజ దోమకాట్లు గోకి గోకి కాళ్ల నిండా చీము పుండ్లు చేసుకుంది. ఎనిమిదేళ్ల పిల్ల. వీరలక్ష్మి డాక్టరుకు చూపించి పది రోజుల మందు రాయించింది. పుండ్లు సబ్బుతో కడగమని, గోళ్లు కత్తిరించమని, పూజ తువ్వాలు చెల్లెలు జ్యోతికి వాడొద్దని చెప్పింది. ఈ పుండ్లు తెచ్చే క్రిమి చర్మం మీదున్నా, గొంతులో ఉన్నా, తర్వాత కిడ్నీలు వాచే ప్రమాదం ఉందనీ చెప్పింది. రాజేశం కందిపప్పు తూస్తూనే తలూపాడు.

నాలుగో రోజు వెళ్లి చూస్తే మందు ఆపేశారు.

"పుండ్లు ఎండినయ్ గద మేడం. ఇగ మందెందుకని బంద్ జేసినం" అన్నాడు రాజేశం.

"పైన ఎండితే లోపల పోయినట్టు కాదండీ. పది రోజులని మూడుసార్లు చెప్పాను మీకు."

మందులు వేడి చేస్తాయని రాజేశం తల్లి అడ్డుపడింది. వీరలక్ష్మి ఆమెకూ నచ్చజెప్పింది. ఆవిడ చాయ్ ఇచ్చి పంపింది. మళ్లీ మొదలుపెట్టామని రాజేశం ఫోన్లో చెప్పాడు కానీ, మొదలుపెట్టలేదు.

మూడు వారాల తర్వాత కొట్టు ముందు నుంచి వెళ్తూ వీరలక్ష్మి ఆగిపోయింది. పూజ కళ్ల చుట్టూ ఉబ్బి ఉంది. పాదం మీద వేలితో నొక్కితే గుంట పడింది. మనవరాలు ఒళ్లు చేసిందని నాయనమ్మ సంబరపడుతోంది. ఒంటేలు ఏ రంగులో వస్తోందని అడిగితే, రెండు రోజులుగా డికాషన్ లెక్క వస్తోందని పిల్ల సిగ్గుపడుతూ చెప్పింది. బీపీ ఆ వయసుకు ఉండకూడనంత ఉంది. కొట్టుకు సరుకులు తెచ్చే వ్యాన్‌లోనే తండ్రీకూతుళ్లను సంగారెడ్డి ఆసుపత్రికి బయల్దేరదీసి, తనూ ఎక్కింది.

కిడ్నీలు వాచాయని ఎనిమిది రోజులు ఉంచారు. ఉప్పు మాన్పించి, నీళ్లు కొలిచి ఇచ్చి, బీపీకి మందు వేశారు. వాపు దిగింది. మందు పూర్తిగా వాడినా కొందరికి ఇది రావచ్చని, అయినా వాడితేనే క్రిమి పోతుందని, ఇంట్లో మరొకరికి అంటదని అక్కడి డాక్టరు వివరించాడు. రాజేశం మొదటి సగమే పట్టుకున్నాడు.

"సూసిన్రా మేడం, వాడినా వస్తదంట."

వీరలక్ష్మికి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. బయటికి వెళ్లి నీళ్లు తాగి వచ్చింది.

అంతకన్నా కోపం ఇంటి దగ్గర వచ్చింది. జ్యోతి గడ్డం మీద అవే పుండ్లు. పూజకు వాడగా మిగిలిన పొడిమందు, నీళ్లు కలిపాక రెండు వారాలు దాటితే పనికిరానిది, నెల కిందట కలిపినది, కూల్‌డ్రింకుల ఫ్రిజ్‌లో దాచి నాయనమ్మ రోజుకో చెంచా పోస్తోంది. వీరలక్ష్మి ఆ సీసా లాక్కుని సంచిలో వేసుకుంది.

"ఒక పిల్ల ఆసుపత్రి చూసొచ్చింది. రెండోదాన్నీ పంపిస్తారా పెద్దమ్మా?"

"నాకేమెరుక బిడ్డా. పారేసుడెందుకని పెట్టిన" అంది ముసలామె.

ఆ గొంతు విన్నాక కోపం నిలవలేదు. విసుగు మాత్రం పోలేదు. జ్యోతికి డాక్టరుతో కొత్త మందు రాయించి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కొట్టు ముందు నిలబడి తన కళ్లెదుటే తాగించింది. ఆదివారం కూడా వదల్లేదు. పదో రోజుకు జ్యోతి ఆమె స్కూటీ చప్పుడు వినగానే మూతి ముడుచుకుని వచ్చి నిలబడింది. ఆ తర్వాత నెలరోజులు పిల్ల ముఖం, ఒంటేలు రంగు గమనించారు. జ్యోతికి ఏమీ కాలేదు.

పూజ మళ్లీ బడికి వెళ్తోంది. కొన్ని నెలలపాటు మూత్రపరీక్ష చేయిస్తుండాలన్నారు. మొదటిది బాగుందని తెలియగానే, ఇక రెండోది ఎందుకని రాజేశం అడిగాడు. వీరలక్ష్మి గల్లాపెట్టె వెనక ఉన్న క్యాలెండర్ దించి, వచ్చే నెల తేదీ ఒకదాని చుట్టూ పెన్నుతో గట్టిగా గీసింది. ఆ రోజు తానే వచ్చి పిల్లను తీసుకెళ్తానని, తొమ్మిదింటికల్లా తయారుగా ఉంచమని చెప్పి స్కూటీ ఎక్కింది.